సైలెన్సర్ మార్చాక జెట్ల సంగతి: ఏటీవీ కార్బ్యురేటర్ రీజెట్టింగ్ సమగ్ర మార్గదర్శి

ఏటీవీకి, అంటే మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండికి, కొత్త ఎగ్జాస్ట్ బిగించగానే దాని గొంతు మారిపోతుంది. ఆ శబ్దం వింటే పికప్ పెరిగిందనే అనిపిస్తుంది. నిజంగా పెరిగిందో, లేక పెట్రోలు చాలక ఇంజిన్ లోపల వేడెక్కిపోతోందో చెవి చెప్పలేదు. ఆ సంగతి తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. కొన్ని జెట్లు (గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లో, పెట్రోలు ఎంత పారాలో తేల్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలు), రెండు మూడు కొత్త స్పార్క్ ప్లగ్గులు, ఒక నోట్‌బుక్కు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక్క మాట. ఈ పని మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కార్బ్యురేటర్‌లో ఏ జెట్టు పనిచేస్తోందన్నది మీరు థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఎంత తెరిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. బండి వేగం, ఆర్‌పీఎం, గేరు ఇవన్నీ ఆ తరవాతే. "మూడో గేరులో మిస్సింగ్ కొడుతోంది" అంటే ఏ జెట్టు మార్చాలో ఎంత అనుభవమున్న మెకానిక్కైనా చెప్పలేడు. "థ్రాటిల్ పావు వంతు దగ్గర మిస్సింగ్ కొడుతోంది" అంటే సగం పని అయిపోయినట్టే.

## అసలు ఎందుకు మార్చాలి

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కువ పవర్ రావాలంటే మాత్రం మిశ్రమం ఇంకొంచెం చిక్కగా, 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. ఇలా పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటాం, తక్కువైతే లీన్ అంటాం. కంపెనీ నుంచి వచ్చే కార్బ్యురేటర్లను పొగ నిబంధనల కోసం చాలావరకు లీన్ వైపే సెట్ చేస్తారు. అంటే కొత్త ఎగ్జాస్ట్ వేయకముందే పెట్రోలు తక్కువ వైపు ఉంటుంది.

ఫ్రీగా ఉండే ఎగ్జాస్ట్ వేస్తే మండిన వాయువులు తేలిగ్గా బయటికి పోతాయి. రెండు వాల్వులూ కాసేపు తెరిచి ఉండే సమయంలో, బయటికి పోయే వాయువు తన వెనకే కొత్త గాలిని లోపలికి లాగుతుంది. ఇంజిన్‌లోకి గాలి పెరుగుతుంది. అయితే కార్బ్యురేటర్ మరీ అంత అమాయకమైనదేం కాదు. గాలి వేగం పెరిగితే జెట్టు మీద పీల్పు కూడా పెరిగి, పెట్రోలు కొంత దానంతటదే ఎక్కువ వస్తుంది. అందుకే చివరి మఫ్లర్ ఒక్కటే మార్చే స్లిప్-ఆన్ రకాలకు చాలాసార్లు చిన్న సవరణ సరిపోతుంది. ఇంజిన్ నుంచి బయటికొచ్చే హెడర్ పైపుతో సహా మొత్తం సిస్టమ్ మారిస్తే సవరణ పెరుగుతుంది.

అసలు గొడవ ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీసేసినప్పుడు మొదలవుతుంది. కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్‌లోని పెట్రోలు మీద బయటి గాలి ఒత్తిడి ఉంటుంది. ఎయిర్‌బాక్స్ ఇరుకుగా ఉన్నంతసేపు కార్బ్యురేటర్ గొంతులో పీల్పు కాస్త అదనంగా ఉండి, పెట్రోలును ఎక్కువ లాగుతుంది. మూత తీసేస్తే ఆ అదనపు పీల్పు పోతుంది. గాలేమో పెరిగింది, పెట్రోలును లాగే బలమేమో తగ్గింది. రెండూ కలిసి మిశ్రమాన్ని లీన్ వైపు నెడతాయి. కాబట్టి ఎగ్జాస్ట్‌కి తగ్గట్టు జెట్లు వేసి, వారం తరవాత "గాలి బాగా తగలాలి" అని మూత పీకేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. ఎయిర్‌బాక్స్ మూత ఉంటుందా, ఏ ఫిల్టర్ వేస్తారు, మఫ్లర్‌లో నిప్పురవ్వలను ఆపే స్పార్క్ అరెస్టర్ ఉంచుతారా అన్నవి ముందే తేల్చుకోండి. ఏ రూపంలో నడపబోతున్నారో ఆ రూపంలోనే జెట్టింగ్ చేయాలి. స్పార్క్ అరెస్టర్ ఉంచమనే నా సలహా. ఎండుగడ్డిలో, అడవి దారుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. చాలా చోట్ల చట్టం కూడా దాన్ని తప్పనిసరి చేసింది.

ఇంకో సంగతి: మీ బండి ఫ్యుయల్ ఇంజెక్షన్‌దైతే దానికి జెట్లే ఉండవు. యమహా రాప్టర్ 660కి రెండు కార్బ్యురేటర్లు ఉంటే, దాని తరవాత వచ్చిన రాప్టర్ 700కి ఇంజెక్షన్ ఉంది. అలాంటి వాటికి ఫ్యుయల్ కంట్రోలర్ కావాలి, ఆ దారి వేరు.

## మీ కార్బ్యురేటర్ ఏ రకం

ఏటీవీల్లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటి రకంలో మీ బొటనవేలి లీవర్‌కున్న కేబులే స్లైడును, అంటే గాలి దారిని తెరిచి మూసే పలకను, నేరుగా పైకి లాగుతుంది. గుండ్రటి స్లైడు ఉన్న మికుని వీఎం, బల్లపరుపు స్లైడు ఉన్న కీహిన్ ఎఫ్‌సీఆర్ ఈ రకమే. యమహా వైఎఫ్‌జెడ్ 450 కార్బ్యురేటర్ మోడల్‌లో ఎఫ్‌సీఆర్ వచ్చేది. దీనికి యాక్సిలరేటర్ పంప్ కూడా ఉంటుంది. థ్రాటిల్ గబుక్కున నొక్కితే అది పెట్రోలును చిమ్మనగ్రోవిలా ఒక్కసారి చిమ్ముతుంది.

రెండో రకం సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ). ఇందులో కేబుల్ ఒక బటర్‌ఫ్లై పలకను మాత్రమే తిప్పుతుంది. స్లైడు పైన రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, ఇంజిన్ పీల్పుకి అది స్లైడును తనే ఎత్తుతుంది. పైమూత విప్పితే డయాఫ్రమ్ కనిపించిందంటే అది సీవీయే. సుజుకి ఎల్‌టీ-జెడ్ 400 మొదటి తరం బండ్లలో ఇదే రకం ఉండేది.

ఏ రకమైనా లోపలి పని పంపకం దాదాపు ఒకటే:

- థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి సుమారు పావు వరకు: పైలట్ జెట్, దాని పక్కనుండే స్క్రూ
- ఎనిమిదో వంతు నుంచి మూడో వంతు దాకా: స్లైడు అడుగున ఉండే కోత, నీడిల్ (స్లైడుకి వేలాడే సన్నటి సూది) పైభాగం మందం
- పావు నుంచి ముప్పావు వరకు: నీడిల్, దాని క్లిప్ ఏ గాడిలో ఉందన్నది
- ముప్పావు నుంచి ఫుల్ దాకా: మెయిన్ జెట్

ఈ హద్దులు కత్తితో కోసినట్టు ఉండవు, ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. పైలట్ జెట్ ఫుల్ థ్రాటిల్‌లో కూడా కొంచెం పెట్రోలు ఇస్తూనే ఉంటుంది. కానీ ఎక్కడ ఎవరి పెత్తనమో తెలిస్తే చాలు.

ఇక థ్రాటిల్ లీవర్ మీద గుర్తులు పెట్టుకోండి. లీవర్ సగం నొక్కితే స్లైడు కూడా సగమే లేస్తుందని నమ్మకం లేదు. ఎయిర్‌బాక్స్ వైపు బూటు (కార్బ్యురేటర్‌ను కలిపే రబ్బరు గొట్టం) తీసి, టార్చి వేసి లోపలికి చూస్తూ, ఇంజిన్ ఆపి ఉండగానే లీవర్‌ను మెల్లగా నొక్కండి. స్లైడు పావు, సగం, ముప్పావు లేచిన చోట లీవర్ మీదా, దాని హౌసింగ్ మీదా పెయింట్ మార్కర్‌తో గీతలు పెట్టండి. సీవీలో స్లైడు బదులు బటర్‌ఫ్లై తిరిగిన కోణాన్ని చూసుకోవాలి. చాలామంది ఇది అనవసరం అనుకుని వదిలేస్తారు. తరవాత రోజంతా తప్పు జెట్టు మారుస్తూ కూర్చుంటారు.

## జెట్టు మీది నంబరు ఏం చెబుతుంది

కీహిన్ జెట్ల మీది నంబరు సుమారుగా రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది. 140 అంటే 1.40 మి.మీ. మికుని హెక్స్ మెయిన్ జెట్ల నంబరు మాత్రం పెట్రోలు పారే పరిమాణాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి కీహిన్ 150, మికుని 150 ఒకటి కావు. బయట దొరికే నకలు జెట్ల రంధ్రాలు నంబరుకు తగ్గట్టు ఉంటాయన్న నమ్మకం లేదు. కార్బ్యురేటర్ ఏ కంపెనీదో జెట్లు కూడా ఆ కంపెనీవే కొనండి. ఉన్న జెట్టునే సన్నటి డ్రిల్‌తో పెద్దది చేసే పని అస్సలు వద్దు. రంధ్రం గరుకుగా తయారవుతుంది, ఎంత పెరిగిందో కొలవలేరు, వెనక్కి వెళ్లే దారీ ఉండదు.

పెట్రోలు ఎంత పారుతుందనేది రంధ్రం వైశాల్యం మీద ఆధారపడుతుంది. వ్యాసాన్ని వర్గం చేస్తే తేడా తెలుస్తుంది. కీహిన్ మెయిన్ జెట్ 140 నుంచి 142కి వెళ్తే వైశాల్యం దాదాపు 3 శాతం పెరుగుతుంది. 145కి వెళ్తే 7 శాతం, 150కి వెళ్తే దాదాపు 15 శాతం. అదే పైలట్ జెట్‌లో 40 నుంచి 42కి వెళ్తే ఏకంగా 10 శాతం పెరుగుతుంది. రెండింటిలోనూ మారింది రెండు అంకెలే. అందుకే మెయిన్ జెట్‌ను రెండు మూడు సైజులు దాటించినా ఫరవాలేదు, పైలట్‌ను మాత్రం ఒక్కో సైజు చొప్పునే కదపాలి.

మొదట ఏ సైజుతో మొదలుపెట్టాలి? ఎగ్జాస్ట్ తయారీదారు ఇచ్చిన సూచన ఉంటే అదే మొదటి మెట్టు. లేకపోతే స్లిప్-ఆన్‌కి మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు, ఎయిర్‌బాక్స్ మూత ఉంచి ఫుల్ సిస్టమ్ వేస్తే రెండు మూడు, మూత తీసి ఓపెన్ ఫిల్టర్ కూడా వేస్తే నాలుగు నుంచి ఆరు సైజుల పైన మొదలుపెట్టండి. ఈ చివరి కేసులో పైలట్ కూడా ఒక సైజు, నీడిల్ ఒక గాడి పెంచాల్సి రావచ్చు. అంచనా వేసిన దానికన్నా ఒక సైజు పైవి, రెండు సైజుల కిందివి కూడా దగ్గర పెట్టుకోండి. పనిని ఎప్పుడూ రిచ్ వైపు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. రిచ్‌గా నడిస్తే ప్లగ్గు నల్లబడుతుంది, లీన్‌గా ఫుల్ థ్రాటిల్ కొడితే పిస్టన్ పోతుంది.

## జెట్టు ముట్టుకోకముందు

జెట్టింగ్ సమస్య అనుకున్నవాటిలో చాలా వాటికి మూలం వేరే చోట ఉంటుంది.

ఎగ్జాస్ట్ లీకేజీ ముందు చూడాలి. హెడర్ పైపు ఇంజిన్ హెడ్‌కి కలిసే చోట పాత ప్యాకింగ్ మళ్లీ వాడితే అక్కడ గాలి లోపలికి పీలుస్తుంది. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. అది చూసి పైలట్ జెట్ పెద్దది వేస్తే పేలుళ్లు తగ్గవు సరికదా, ప్లగ్గు నల్లబడుతుంది. కొత్త ప్యాకింగ్ వేయండి, హెడర్ నట్లు రెండింటినీ సమంగా కొంచెం కొంచెం బిగించండి, ఒకసారి ఇంజిన్ బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించండి. మఫ్లర్ జాయింటుకి వేడిని తట్టుకునే సిలికాన్ రాస్తే మంచిది.

కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు బూటు పగిలిందేమో చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో (లీవర్ నొక్కకుండా తిరుగుతూ) ఉండగా బూటు చుట్టూ నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ లీకు ఉన్నట్టే. దీనికి కార్బ్ క్లీనర్ వాడేవాళ్లున్నారు కానీ వేడి ఎగ్జాస్ట్ పక్కనే మండే ద్రవాన్ని చల్లడం నాకు నచ్చదు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు) మాన్యువల్ కొలతలో ఉండాలి, ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, ట్యాంకులో తాజా పెట్రోలు ఉండాలి. వాల్వులు టైటైపోయిన ఇంజిన్‌కి ఏ పైలట్ జెట్ వేసినా ఐడిల్ కుదరదు.

## విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, గాలి బాగా ఆడే చోట, దగ్గర్లో నిప్పు లేకుండా పని మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి.

పెట్రోలు ట్యాప్ కట్టేసి, బౌల్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును డబ్బాలోకి దించండి. సీటు తీయండి, అడ్డొస్తే ట్యాంకు కూడా. రెండు వైపులా బూటు క్లాంపులు వదులు చేయండి. ఏ గొట్టం ఎక్కడిదో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, వెంట్ గొట్టాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చాలా బండ్లలో కార్బ్యురేటర్ మొత్తం బయటికి తీయనక్కర్లేదు, బూట్లలోంచి వదులు చేసి పక్కకి తిప్పితే బౌల్ అందుతుంది. ఎఫ్‌సీఆర్‌లో అయితే ఇంకా సుఖం. బౌల్ అడుగున 17 మి.మీ. ప్లగ్గు విప్పితే మెయిన్ జెట్ నేరుగా చేతికొస్తుంది.

బౌల్ స్క్రూల దగ్గర జాగ్రత్త. జపాన్ కార్బ్యురేటర్లకు ఉండే స్టార్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి, ఈ పని మొత్తంలో అంతకన్నా మంచి ఖర్చు లేదు. తీసిన స్క్రూల స్థానంలో అలెన్ బోల్టులు వేస్తే వచ్చేసారి ఇంకా తేలిక.

బౌల్ తీశాక మధ్యలో పెద్దగా కనిపించేది మెయిన్ జెట్. పక్కన సన్నటి గొట్టంలో లోతుగా ఉండేది పైలట్. మెయిన్ జెట్ విప్పేటప్పుడు దాని హోల్డర్ కూడా తిరిగి వచ్చేస్తుంటుంది, హోల్డర్‌ను స్పానర్‌తో పట్టుకుని జెట్టు తిప్పండి. పైలట్ జెట్ గాడికి సరిగ్గా సరిపోయే బ్లేడు స్క్రూడ్రైవర్ వాడండి. ఇత్తడి మెత్తన, తల చిరిగితే తీయడం నరకం. బిగించేటప్పుడు జెట్టు కూర్చున్నాక చేతివేళ్ల బలంతో కాస్త బిగిస్తే చాలు.

ఇప్పుడు ఉన్న నంబర్లన్నీ రాసుకోండి: మెయిన్, పైలట్, క్లిప్ పైనుంచి ఎన్నో గాడిలో ఉంది, స్క్రూ ఎన్ని చుట్లు బయటికి ఉంది. బండిని ఇంతకుముందు వేరెవరైనా వాడి ఉంటే, లోపల ఉన్నవి కంపెనీ జెట్లే అని అనుకోకండి.

బౌల్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. కార్బ్యురేటర్‌ను వాలుగా పట్టుకుంటే ఫ్లోట్ నాలుక, వాల్వ్ మీది స్ప్రింగు పిన్నును తాకీ తాకనట్టు ఉండే చోట కొలవాలి. ఫ్లోట్ తప్పుగా ఉంటే బౌల్‌లో పెట్రోలు మట్టం మారి, అన్ని జెట్ల లెక్కా ఒకేసారి తప్పుతుంది.

## మొదట మెయిన్ జెట్

కొందరు ఐడిల్‌తో మొదలుపెడతారు. నేను మెయిన్ జెట్‌తోనే మొదలుపెట్టమంటాను. ఇంజిన్‌కి ప్రాణాపాయం ఉన్నది ఫుల్ థ్రాటిల్‌లోనే. పైగా ఫుల్ థ్రాటిల్‌లో నీడిల్ పూర్తిగా పైకి లేచి ఉంటుంది కాబట్టి మెయిన్ జెట్‌ను దాదాపు ఒంటరిగా పరీక్షించవచ్చు. పరీక్షకు బండి స్టార్టయి నిలబడాలి కనుక పైలట్ పక్కనుండే స్క్రూను అర చుట్టు రిచ్ వైపు తిప్పి ఉంచండి (ఎటు తిప్పాలో కింద పైలట్ భాగంలో చూడండి), దాని సంగతి తరవాత.

పరీక్షకు పొడవైన, చదునైన, ఎవరూ రాని ఖాళీ నేల కావాలి. కొంచెం ఎత్తుగా ఉండే వాలు దొరికితే ఇంకా మంచిది, ఇంజిన్ మీద లోడు పడుతుంది. హెల్మెట్ పెట్టుకోండి, వెనక ఎవరినీ ఎక్కించుకోకండి, కిల్ స్విచ్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా, కనీసం పది నిమిషాలు, మామూలుగా నడపండి. చల్లటి ఇంజిన్ మీద చేసిన జెట్టింగ్ అంతా అబద్ధమే.

మూడో లేదా నాలుగో గేరులో ఫుల్ థ్రాటిల్ పట్టి కొన్ని సెకన్లు ఉంచండి. తరవాత థ్రాటిల్‌ను కొద్దిగా, ఎనిమిదో వంతు మాత్రమే, వదలండి. వదిలినా బండి ఒక్క క్షణం ముందుకు ఊపందుకుంటే మెయిన్ జెట్ లీన్. గాలి కాస్త తగ్గగానే మిశ్రమం చిక్కబడి ఇంజిన్‌కి ఊపిరి వచ్చిందన్నమాట. వదలగానే నెమ్మదిగా తగ్గిపోతే సరిగ్గా ఉంది, లేదా కాస్త రిచ్. ఫుల్ థ్రాటిల్‌లో గరగరలాడుతూ, పై ఆర్‌పీఎం అందుకోలేక, నల్లపొగ వదిలితే బాగా రిచ్. చోక్ మీటను చేతితో అందుకోగలిగితే ఇంకో పరీక్ష ఉంది: లోపం కనిపించే థ్రాటిల్ దగ్గర చోక్ కొంచెం లాగండి. మెరుగైతే లీన్, ఇంకా చెడితే రిచ్.

దీన్ని ప్లగ్గుతో ధ్రువీకరించుకోవాలి. కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో లాగుతూ, క్లచ్ పట్టి అదే క్షణంలో కిల్ స్విచ్ నొక్కండి. ఇంజిన్ ఆగిన బండిని అలాగే జారనిచ్చి ఆపి, ప్లగ్గు తీయండి. ఐడిల్‌లో కాసేపు నడిపి తీస్తే మీరు చూసేది ఐడిల్ రంగే. ఇప్పటి సీసం లేని పెట్రోలుతో పింగాణీ కొసన పాతకాలపు ఇటుక రంగు కోసం వెతకడం వృథా. పింగాణీ లోపల, ఇనుప గుల్లకు అతుక్కునే అడుగు భాగాన్ని భూతద్దంతో చూడండి. అక్కడ సన్నటి గోధుమరంగు లేదా బూడిదరంగు వలయం కనిపిస్తే బాగున్నట్టు. తెల్లగా మెరుస్తూ, చిన్న చిన్న బొబ్బలో మెరుపు చుక్కలో ఉంటే వెంటనే ఆపేయండి, అది ప్రమాదకరమైన లీన్. వలయం మందంగా నల్లగా మసి పట్టి ఉంటే ఒక సైజు తగ్గించండి.

ఈ పని మీరు తరచూ చేసేటట్టయితే హెడర్ పైపుకి, గాలి-పెట్రోలు నిష్పత్తిని అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకోవడం మంచిది. ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య వస్తే వదిలేయవచ్చు. ఎగ్జాస్ట్ లీకు ఉంటే మాత్రం సెన్సర్ కూడా లీన్ అని తప్పు చెబుతుంది.

## తరవాత నీడిల్

ఏటీవీ ఎక్కువగా నడిచేది పావు నుంచి ముప్పావు థ్రాటిల్ మధ్యే. దారుల్లో, మలుపుల్లో, ఇసుకలో అంతా ఇక్కడే. అందుకే బండి ఎలా ఉందన్న మీ అభిప్రాయం చాలావరకు నీడిల్ మీదే ఏర్పడుతుంది.

క్లిప్‌ను కింది గాడిలోకి మారిస్తే నీడిల్ పైకి లేస్తుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. పై గాడిలోకి మారిస్తే లీన్. తలకిందులుగా అనిపించే ఈ విషయంలో పొరపడేవాళ్లు ఎక్కువ, కాగితం మీద బొమ్మ గీసుకుంటే సందేహం ఉండదు. సగం థ్రాటిల్ గుర్తు దగ్గర ఒకే తీరుగా పట్టి నడపండి. బండి ముందుకీ వెనక్కీ ఊగినట్టు లాగుతుంటే లీన్. బరువుగా, మందంగా, గొంతు బొంగురుపోయినట్టు ఉంటే రిచ్. ఒకసారికి ఒక్క గాడే మార్చండి.

సీవీ కార్బ్యురేటర్లలో కొన్నింటికి నీడిల్‌కి ఒకటే గాడి ఉంటుంది. అప్పుడు క్లిప్ కింద అర మి.మీ. మందం ఉన్న చిన్న వాషరు వేసి ఎత్తాలి. ఒక వాషరు దాదాపు అర గాడితో సమానం. తిరిగి అమర్చేటప్పుడు డయాఫ్రమ్ అంచు దాని గాడిలో అంతటా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి, మూత కింద నలిగితే చిరుగుతుంది. డయాఫ్రమ్‌ను వెలుతురుకి ఎత్తి చూస్తే పిన్ను రంధ్రాలు తెలుస్తాయి. ఒక్క రంధ్రం ఉన్నా స్లైడు పూర్తిగా లేవదు, మీరు మెయిన్ జెట్ మారుస్తూ కూర్చుంటారు.

## చివరికి పైలట్, స్క్రూ

స్క్రూ ఎటువైపు ఉందో ముందు చూడండి. స్లైడుకీ ఇంజిన్‌కీ మధ్య ఉంటే అది ఫ్యుయల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఫోర్-స్ట్రోక్ ఏటీవీల్లో ఎక్కువగా ఇదే. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. టూ-స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా ఇది కనిపిస్తుంది.

కొన్ని బండ్లలో ఫ్యుయల్ స్క్రూను ఒక లోహపు బిళ్లతో మూసేస్తారు. 3 మి.మీ. డ్రిల్‌కి కొసన టేపు చుట్టి, బిళ్ల మందం దాటి లోపలికి పోకుండా మెల్లగా రంధ్రం చేయండి. అందులో ఒక చిన్న స్క్రూ ఎక్కించి, పట్టకారుతో బిళ్లను లాగేయండి. తొందరపడి డ్రిల్ లోపలికి దిగితే ఫ్యుయల్ స్క్రూ తల చెడుతుంది. స్క్రూను బయటికి తీస్తే దానితో స్ప్రింగు, వాషరు, ఓ-రింగు అదే వరుసలో వస్తాయి. ఓ-రింగు రంధ్రంలోనే ఉండిపోవడం మామూలే, వెతికి తీయండి. అది లేకుండా బిగిస్తే ఐడిల్ ఎన్నటికీ నిలవదు.

ఇంజిన్ వేడిగా ఉండగా ఐడిల్‌ను మామూలు కంటే కొంచెం పెంచండి. ఫ్యుయల్ స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ పోతే ఒక చోట ఇంజిన్ మందగిస్తుంది. మళ్లీ బయటికి తిప్పుతూ రండి, ఆర్‌పీఎం పెరిగి ఒక చోట ఆగుతుంది. ఆ శిఖరం దగ్గర వదిలి, ఐడిల్‌ను తిరిగి మామూలుకి దించండి. ఇప్పుడు స్క్రూ స్థానం చూడండి. ఒకటి నుంచి రెండున్నర చుట్ల మధ్య ఉంటే పైలట్ జెట్ సరైనదే. మూడు చుట్లు దాటినా ఇంకా మెరుగవుతుంటే పైలట్ ఒక సైజు పెద్దది కావాలి. ఒక చుట్టు లోపలే శిఖరం వస్తే ఒక సైజు చిన్నది.

తరవాత లీవర్‌ను ఒకసారి టక్కున నొక్కి వదలండి. ఆర్‌పీఎం కాసేపు పైనే వేలాడి నెమ్మదిగా దిగితే పైలట్ లీన్. ఐడిల్ కంటే కిందికి పడిపోయి మళ్లీ లేస్తే రిచ్. ఇవన్నీ అయ్యాక ఇంకోసారి ఫుల్ థ్రాటిల్ పరీక్ష చేయండి, పైలట్ మారితే పైనా కొద్దిగా తేడా వస్తుంది.

ఎఫ్‌సీఆర్ లాంటి పంపు ఉన్నవాటిలో ఇంకో చిక్కు. థ్రాటిల్ నెమ్మదిగా తెరిస్తే బండి చక్కగా లాగుతూ, గబుక్కున తెరిచినప్పుడు మాత్రమే ఊపిరాగినట్టయితే తప్పు జెట్లది కాదు, యాక్సిలరేటర్ పంపుది. పంపు డయాఫ్రమ్ గట్టిపడిందేమో, చిమ్మే పెట్రోలు స్లైడుకి తగులుతోందేమో చూడాలి. ఫిల్టర్ వైపు నుంచి చూస్తూ లీవర్ నొక్కితే ధార కనిపిస్తుంది. అప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి, ముఖం కాస్త దూరంగా పెట్టాలి.

## టూ-స్ట్రోక్ అయితే

యమహా బాన్షీ లాంటి రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బండ్లకు కొత్త చాంబర్ పైపులు (టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్) వేస్తే తేడా మరీ పెద్దది. ఇక్కడ లీన్ అయితే హెచ్చరిక లేకుండా పిస్టన్ పట్టేస్తుంది. అంచనాకన్నా రెండు మూడు సైజుల పైనుంచి మొదలుపెట్టండి. పెట్రోలులో ఆయిల్ కలిపే నిష్పత్తిని జెట్టింగ్ మధ్యలో మార్చకండి. ఆయిల్ పెరిగితే అదే జెట్టులోంచి వచ్చే పెట్రోలు తగ్గుతుంది, అంటే ఆయిల్ పెంచి కాపాడామనుకుంటూ బండిని లీన్ చేసినట్టు. రెండు కార్బ్యురేటర్లకూ ఒకే జెట్లు వేయండి, స్లైడులు రెండూ ఒకేసారి లేచేలా కేబుళ్లు సరిచేయండి.

## ఎత్తు, వాతావరణం

సముద్రమట్టం దగ్గర సెట్ చేసిన బండిని 1000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తే అక్కడి గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. కార్బ్యురేటర్ పెట్రోలును కొంత తగ్గిస్తుంది కానీ అంత తగ్గించదు. ఫలితంగా మిశ్రమం దాదాపు 5 శాతం రిచ్ అవుతుంది. కింద కీహిన్ 145 సరిపోయిన బండికి అక్కడ 142 చాలు. 2000 మీటర్ల దగ్గర 138 వేయాల్సి వస్తుంది. తిరిగి కిందికి వచ్చేటప్పుడు జెట్టు మార్చడం మరిచిపోతేనే ప్రమాదం. పైన వేసిన చిన్న జెట్టుతో కింద ఫుల్ థ్రాటిల్ కొడితే అది లీన్.

చలికాలంలో గాలి చిక్కగా ఉంటుంది కనుక కొంచెం పెద్ద జెట్టు కావాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే మిశ్రమంలో తేడా 2 శాతం లోపే, అంటే మెయిన్ జెట్‌లో ఒక సైజు కూడా కాదు. 20 డిగ్రీలు దాటితే ఒక సైజు ఆలోచించండి. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసి ఉంటే అది 3, 4 శాతం లీన్ వైపు లాగుతుంది. ఏ పెట్రోలు పోస్తారో దానితోనే సెట్ చేయాలి.

నోట్‌బుక్కులో ప్రతి మార్పు పక్కన తేదీ, ఉష్ణోగ్రత, ఎత్తు రాయండి. ఒకసారికి ఒకటే మార్చండి. పని అయ్యాక ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. రిచ్‌గా నడిపిన ప్రయోగాల్లోనో, ఫ్లోట్ వాల్వ్ సరిగ్గా మూసుకోకనో పెట్రోలు ఆయిల్‌లో కలిసి ఉంటే ఆయిల్ మార్చాల్సిందే. మొదటి రెండు మూడు రైడ్ల తరవాత హెడర్ నట్లు, బూటు క్లాంపులు మళ్లీ బిగించి, ప్లగ్గు ఇంకోసారి తీసి చూడండి.